హీటర్ ఉష్ణోగ్రతకు కాస్కేడ్ నియంత్రణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ వ్యాసం చదివిన తరువాత మీరు:
- కాస్కేడ్ నియంత్రణ ఏ అలజడిని తగ్గిస్తుందో, దేనిని తగ్గించలేదో అంకెలతో వివరించగలుగుతారు;
- లోపలి లూపుకు ఏ రాశిని ఎంచుకోవాలో కారణాలతో నిర్ణయించగలుగుతారు;
- పాఠ్యపుస్తకంలోని బ్లాక్ చిత్రం దాచిపెట్టే విషయాలను గుర్తించగలుగుతారు;
- నియంత్రణ లూపుకూ రక్షణ పరికరానికీ ఉన్న తేడాను చెప్పగలుగుతారు.

1. ప్రవేశిక

గత పాఠంలో మీరు ఒకే ఫీడ్‌బ్యాక్ లూపుతో ఉష్ణోగ్రతను ఎలా నియంత్రిస్తారో చదివారు. ఆ పాఠం చివరలో కాస్కేడ్ నియంత్రణ ప్రస్తావన వచ్చింది. రెండు కంట్రోలర్లు ఉంటాయి. బయటి కంట్రోలర్ ఇచ్చే అవుట్‌పుట్ లోపలి కంట్రోలర్‌కు సెట్‌పాయింట్ అవుతుంది. నిర్వచనం ఇంతే.

చాలా ఏళ్లు ప్రయోగశాలలో వైవా పరీక్షలు నిర్వహించినవాడిగా ఒక మాట చెప్పగలను. కాస్కేడ్ ఎందుకు వాడతారని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు "నియంత్రణ మెరుగవుతుంది కాబట్టి" అని. ఎంత మెరుగవుతుంది, ఎప్పుడు మెరుగవుతుంది, ఎప్పుడు మెరుగవదు అని అడిగితే మౌనమే సమాధానం. తప్పు విద్యార్థులది కాదు. పాఠ్యపుస్తకాలు ఈ పద్ధతిని సాధారణంగా రెండు పేజీల్లో, ఒక బ్లాక్ చిత్రంతో, దాని గుణాలను మాత్రమే చెప్పి ముగిస్తాయి. ఈ వ్యాసంలో ఆ రెండు పేజీలను విమర్శకుడి దృష్టితో చదువుదాం. విమర్శ అంటే తప్పులు వెదకడం కాదు. ఒక పద్ధతి విలువ ఎంతో, ఆ విలువకు హద్దులు ఎక్కడో తేల్చడం.

2. పద్ధతికి పునాది

1942లో జీగ్లర్, నికల్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు కంట్రోలర్ అమరికలకు నియమాలు ప్రచురించారు. ఆ నియమాలు ఒక లూపుకు సంబంధించినవి. 1956లో ఫ్రాంక్స్, వర్లీ అనేవారు కాస్కేడ్ నియంత్రణను పరిమాణాత్మకంగా విశ్లేషించిన వ్యాసం ప్రచురించారు. అప్పటి నుంచి ఈ పద్ధతి రసాయన పరిశ్రమలో, విద్యుత్ మోటార్ల నియంత్రణలో, కొలిమిలలో స్థిరపడింది.

మూల సూత్రం సరళమైనది. అలజడి ప్రక్రియలోకి ప్రవేశించే చోటుకు దగ్గరగా ఒక కొలత తీసుకుంటే, అలజడి ప్రభావం తుది ఉష్ణోగ్రత దాకా చేరకముందే సరిచేయవచ్చు. ఈ సూత్రంలో లోపం లేదు. లోపం ఉన్నది దానిని అన్ని సందర్భాలకూ వర్తింపజేయడంలో. దీనిని ఒక ఉదాహరణతో పరీక్షిద్దాం.

3. ఒక నూనె తొట్టె లెక్క

20 కిలోల నూనె ఉన్న తొట్టెను తీసుకోండి. నూనె విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 2 కిలోజౌళ్లు అనుకుందాం. అంటే తొట్టె ఉష్ణ ధారిత డిగ్రీకి 40 కిలోజౌళ్లు. 230 వోల్టుల వద్ద 2000 వాట్లు ఇచ్చే హీటర్ అందులో మునిగి ఉంది. ఒక కలుపుడు యంత్రం నూనెను తిప్పుతూ ఉంటుంది. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, మనకు కావలసిన నూనె ఉష్ణోగ్రత 120 డిగ్రీలు. ఆ స్థితిలో తొట్టె నుంచి బయటికి పోయే వేడి 1000 వాట్లు. అంటే హీటర్ సగం సమయం పనిచేస్తే సరిపోతుంది.

హీటర్ తొడుగు నుంచి నూనెకు ప్రతి డిగ్రీ తేడాకు 25 వాట్లు ప్రవహిస్తాయనుకుందాం. 1000 వాట్లు ప్రవహించాలంటే తొడుగు నూనె కంటే 40 డిగ్రీలు ఎక్కువగా, అంటే 160 డిగ్రీల వద్ద ఉండాలి. తొడుగు ఉష్ణ ధారిత డిగ్రీకి 250 జౌళ్లు అయితే దాని కాల స్థిరాంకం 10 సెకండ్లు. తొట్టె కాల స్థిరాంకం 3600 సెకండ్లు, అంటే ఒక గంట.

ఇప్పుడు ఊళ్లో అందరికీ తెలిసిన అలజడిని తీసుకుందాం. సాయంత్రం లోడు పెరిగి వోల్టేజీ 230 నుంచి 207కు పడింది. పది శాతమే కదా అనిపిస్తుంది. కాని హీటర్ పవర్ వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 0.9 వర్గం 0.81. కాబట్టి 1000 వాట్లు 810 వాట్లవుతాయి. 190 వాట్లు లోటు.

ఏ కంట్రోలరూ స్పందించకపోతే 30 సెకండ్ల తరువాత పరిస్థితి ఇది:
- తొడుగు ఉష్ణోగ్రత సుమారు 7.2 డిగ్రీలు తగ్గుతుంది.
- నూనె ఉష్ణోగ్రత సుమారు 0.1 డిగ్రీ తగ్గుతుంది.

ఒకే లూపు ఉన్న కంట్రోలర్ చూసేది ఆ 0.1 డిగ్రీనే. లోపలి లూపు చూసేది 7.2 డిగ్రీలను. కాస్కేడ్ నియంత్రణకు అనుకూలంగా చెప్పదగిన వాదనంతా ఈ రెండు అంకెలలో ఉంది. ఈ వాదన బలమైనదే.

4. మొదటి విమర్శ: "ఐదో వంతు" అనే సరళ లెక్క

లోపలి కంట్రోలర్ కేవలం అనుపాత కంట్రోలర్ అనుకుందాం. తొడుగు సెట్‌పాయింట్‌కు ఒక డిగ్రీ తక్కువగా ఉంటే అది 100 వాట్లు ఇస్తుంది. ప్రక్రియ గెయిన్ వాటుకు 0.04 డిగ్రీ. కాబట్టి లూపు గెయిన్ 4. పుస్తక సూత్రం ప్రకారం అలజడి ప్రభావం 1/(1+4), అంటే ఐదో వంతుకు తగ్గుతుంది. 190 వాట్ల లోటు 38 వాట్లవుతుంది. కాల స్థిరాంకం కూడా 10 సెకండ్ల నుంచి 2 సెకండ్లకు తగ్గుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వోల్టేజీ తగ్గినప్పుడు లోటు ఏర్పడటమే కాదు, కంట్రోలర్ ఇచ్చే ప్రతి ఆజ్ఞకూ వచ్చే పవర్ కూడా 81 శాతమే అవుతుంది. లూపు గెయిన్ 4 కాదు, 3.24. కనుక మిగిలే లోటు 190ని 4.24తో భాగిస్తే వచ్చే సుమారు 45 వాట్లు. తేడా చిన్నదే. కాని బ్లాక్ చిత్రంలో వోల్టేజీని బయటి నుంచి వచ్చి కూడికలో చేరే బాణంగా గీసినప్పుడు ఈ విషయం కనిపించదు. వాస్తవంలో అది కూడిక కాదు, గుణకారం. బ్లాక్ చిత్రాన్ని నమ్మే ముందు ప్రతి బాణం దగ్గర ఈ ప్రశ్న వేసుకోండి.

5. రెండో విమర్శ: ఏ అలజడికి మందు?

తొట్టెలో 30 డిగ్రీల వద్ద ఉన్న ఒక కిలో ఉక్కు ముక్క ముంచారు. అది 120 డిగ్రీలకు చేరడానికి సుమారు 45 కిలోజౌళ్లు తీసుకుంటుంది. నూనె సుమారు 1.1 డిగ్రీ చల్లబడుతుంది. ఈ అలజడి బయటి లూపులోకి నేరుగా వచ్చింది. లోపలి లూపు దీనిని ముందుగా పసిగట్టే అవకాశం లేదు.

కొన్ని పుస్తకాలు ఇక్కడ "లోపలి లూపు వల్ల ఏ ప్రయోజనమూ లేదు" అంటాయి. ఇది కూడా పూర్తిగా సరికాదు. తొడుగును 160 డిగ్రీల వద్ద నిలిపితే, నూనె చల్లబడిన ప్రతి డిగ్రీకీ 25 వాట్లు అదనంగా దానంతట అదే ప్రవహిస్తుంది. దాంతో తొట్టె కాల స్థిరాంకం గంట నుంచి సుమారు 18 నిమిషాలకు తగ్గుతుంది. ప్రయోజనం ఉంది, కాని అది స్వల్పం. అసలు పని బయటి కంట్రోలరే చేయాలి.

ఇంకా ముఖ్యమైన ఉదాహరణ కలుపుడు యంత్రం ఆగిపోవడం. అప్పుడు తొడుగు నుంచి నూనెకు వేడి ప్రవాహం డిగ్రీకి 25 వాట్ల నుంచి, ఉదాహరణకు, 20 వాట్లకు పడిందనుకోండి. ఒకే లూపు ఉన్నచోట హీటర్ 1000 వాట్లు ఇస్తూనే ఉంటుంది. తొడుగు 160 నుంచి 170 డిగ్రీలకు పెరుగుతుంది, మళ్లీ అదే 1000 వాట్లు నూనెకు చేరుతుంది. నూనె ఉష్ణోగ్రత దాదాపు చలించదు.

కాస్కేడ్‌లో ఏమవుతుంది? లోపలి లూపు తొడుగును 160 వద్దే పట్టి ఉంచుతుంది. నూనెకు చేరేది 40ని 20తో గుణిస్తే 800 వాట్లు. అంటే నూనె చల్లబడటం మొదలవుతుంది. బయటి కంట్రోలర్ గమనించి సెట్‌పాయింట్‌ను 170కి పెంచేదాకా ఆ లోటు కొనసాగుతుంది. ఒకే లూపుకు అలజడి కానిది కాస్కేడ్‌లో అలజడి అయింది!

ఈ ఒక్క ఉదాహరణ చాలు, "రెండు లూపులు ఎప్పుడూ ఒక లూపు కంటే మేలు" అనే వాక్యం నిలవదని చెప్పడానికి. అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడండి. కలుపుడు యంత్రం ఆగినప్పుడు తొడుగు వేడెక్కకుండా కాస్కేడ్ ఆపింది. నూనె వేడి తొడుగును తాకే చోటే ముందుగా మాడుతుంది. నూనె నాణ్యత మీకు ముఖ్యమైతే కాస్కేడ్ చేసినదే సరైన పని. తీర్పు మీ లక్ష్యాన్ని బట్టి మారుతుంది.

6. మూడో విమర్శ: లోపలి రాశి ఎంపిక

పాఠ్యపుస్తకాలు లోపలి రాశిని ముందే ఇచ్చేస్తాయి. నిజానికి రూపకర్త చేసే ముఖ్య నిర్ణయం అదే.

మీ తొట్టెకు వచ్చే పెద్ద అలజడి వోల్టేజీ ఒక్కటే అయితే తొడుగు ఉష్ణోగ్రతను కొలవవలసిన పనే లేదు. వోల్టేజీని కొలిచి, హీటర్ పనిచేసే సమయాన్ని (230/207) వర్గంతో, అంటే 1.235తో గుణిస్తే చాలు. 50 శాతం 61.7 శాతమవుతుంది. 1620 వాట్లలో 61.7 శాతం మళ్లీ 1000 వాట్లే. తొడుగు ఒక్క డిగ్రీ కూడా పడాల్సిన అవసరం లేకుండా సరిదిద్దవచ్చు. దీనిని ముందస్తు నియంత్రణ అంటారు. హీటర్‌కు చేరే పవర్‌నే కొలిచి, దానిమీద లోపలి లూపు కట్టడం మరో మార్గం. అప్పుడు హీటర్ తీగ పాతబడి నిరోధం మారినా సరిదిద్దబడుతుంది. కలుపుడు యంత్రం ఆగినప్పుడు నూనెకు వేడి తగ్గే సమస్యా ఉండదు. కాని తొడుగుకు రక్షణ పోతుంది.

పోల్చి చూస్తే ఇలా ఉంటుంది. వోల్టేజీ కొలత చవక, వేగం, కాని ఒక్క అలజడికే పనికొస్తుంది. పవర్ లూపు వేగమైనది, విద్యుత్ వైపు అలజడులన్నిటికీ సరిపోతుంది. తొడుగు ఉష్ణోగ్రత లూపు వాటికంటే నెమ్మది, కాని తొడుగును హద్దులో ఉంచగలిగేది అదొక్కటే. ఎలక్ట్రిక్ హీటర్లలో తొడుగు ఉష్ణోగ్రతను లోపలి లూపుగా ఎంచుకోవడానికి నా దృష్టిలో బలమైన కారణం వేగం కాదు, ఈ హద్దు. పుస్తకాలు వేగాన్ని మొదటి పంక్తిలో, హద్దును చివరి పంక్తిలో రాస్తాయి. ఆ క్రమం తిరగబడాలి.

7. నాలుగో విమర్శ: హద్దు, ఆఫ్‌సెట్

"లోపలి కంట్రోలర్‌కు అనుపాత చర్య చాలు; మిగిలే ఆఫ్‌సెట్‌ను బయటి కంట్రోలర్‌లోని సమాకలన చర్య సవరిస్తుంది" అన్నది తరచుగా వినిపించే సలహా. నూనె ఉష్ణోగ్రత ఒక్కటే లక్ష్యమైతే ఈ సలహా సరైనదే. హద్దు కూడా లక్ష్యమైతే కాదు.

తొడుగు సెట్‌పాయింట్ 180 డిగ్రీలు దాటకూడదని బయటి కంట్రోలర్‌కు హద్దు పెట్టారనుకుందాం. నూనె 120 వద్ద ఉంది. డిగ్రీకి 100 వాట్ల అనుపాత చర్య మాత్రమే ఉంటే, సెట్‌పాయింట్ 180 అయినప్పుడు తొడుగు ఎక్కడ నిలుస్తుంది? ఇచ్చే పవర్, పోయే పవర్ సమానం చేయండి: 100(180 − త) = 25(త − 120). జవాబు త = 168. నూనెకు చేరేది 1200 వాట్లు. మీరు 180 అనుకున్నారు, తొడుగు 168 దాటలేదు. 1500 వాట్లు అందవలసిన చోట 1200 అందాయి. లోపలి కంట్రోలర్‌కు కొంత సమాకలన చర్య చేరిస్తే తొడుగు 180 దాకా వెళ్తుంది, హద్దు అంకెకు అర్థం ఉంటుంది.

ఆ హద్దు ఖరీదెంతో కూడా లెక్కిద్దాం. చల్లని తొట్టెను 30 నుంచి 120 డిగ్రీలకు పూర్తి పవర్‌తో వేడిచేస్తే సుమారు 42 నిమిషాలు పడుతుంది. చివరలో తొడుగు 200 డిగ్రీలకు చేరుతుంది. 180 హద్దు ఉంటే నూనె 100 డిగ్రీలు దాటాకే అది అడ్డుపడుతుంది. మొత్తం సమయం సుమారు 46 నిమిషాలు. నాలుగు నిమిషాల ఆలస్యంతో తొడుగు 20 డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఇది మంచి బేరం. ఇలాంటి లెక్క చూపకుండా "హద్దు పెట్టవచ్చు" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే విద్యార్థికి దాని విలువ తెలియదు.

వేడెక్కే ఈ దశలోనే మరో చిక్కు దాగి ఉంది. మొదటి అరగంట హీటర్ పూర్తి పవర్ మీద ఉంటుంది. లోపలి కంట్రోలర్ ఇంకేమీ చేయలేదు. బయటి కంట్రోలర్‌కు ఆ సంగతి తెలియదు. దాని సమాకలన భాగం పెరుగుతూనే ఉంటుంది. నూనె 120 దాటిన తరువాత ఆ పోగు కరిగేదాకా వేడి ఆగదు. హీటర్ వేడిచేయగలదు గాని చల్లబరచలేదు కదా! తొట్టెకు ఎంత మంచి ఉష్ణ కవచం ఉంటే, దాటిన వేడి అంత ఆలస్యంగా తగ్గుతుంది. నివారణ ఏమిటంటే, లోపలి లూపు పరిమితికి చేరిందన్న సమాచారం బయటి కంట్రోలర్‌కు అందాలి. అందిన క్షణం నుంచి దాని సమాకలనం ఆగాలి. కంట్రోలర్ కొనేటప్పుడు ఈ సదుపాయం ఉందో లేదో అడగండి. రెండు విడి కంట్రోలర్లను తీగతో కలిపినంత మాత్రాన ఇది రాదు.

8. ఐదో విమర్శ: చిత్రంలో లేని స్విచ్చు

లోపలి లూపు బయటి లూపు కంటే కనీసం మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. మన తొట్టెలో 10 సెకండ్లు, 3600 సెకండ్లు. నియమం సులభంగా తీరినట్టే కనిపిస్తుంది. కాని హీటర్‌ను నడిపే స్విచ్చు సంగతేమిటి?

సాధారణ కాంటాక్టర్ వాడి 20 సెకండ్ల చక్రం పెట్టారనుకోండి. 10 సెకండ్లు ఆన్, 10 సెకండ్లు ఆఫ్. తొడుగు ప్రతి చక్రంలో సుమారు 37 డిగ్రీలు ఊగుతుంది. అలజడి వల్ల పడేది 7.6 డిగ్రీలు. 37 డిగ్రీల ఊగిసలాటలో 7.6 డిగ్రీల మార్పును లోపలి లూపు ఎలా గుర్తిస్తుంది? అదే సాలిడ్ స్టేట్ రిలే వాడి చక్రాన్ని ఒక సెకండుకు తగ్గిస్తే ఊగిసలాట సుమారు 2 డిగ్రీలే. 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక అర చక్రం 10 మిల్లీసెకండ్లు, కనుక సెకండులో 100 అర చక్రాలు ఉంటాయి. ఒక శాతం మెట్లతో పవర్ మార్చవచ్చు. కాస్కేడ్ కట్టి కాంటాక్టర్‌ను అలాగే ఉంచడమంటే రెండో సెన్సర్ ఖర్చు వృథా చేయడమే.

అమరిక క్రమం గురించి పుస్తకాలు చెప్పేది సరైనదే. ముందు బయటి కంట్రోలర్‌ను మాన్యువల్‌లో ఉంచి లోపలి దానిని అమర్చాలి. తరువాత లోపలి లూపు పనిచేస్తుండగా బయటి దానిని అమర్చాలి. దీనికి ఒక్క మాట చేరుస్తాను: లోపలి అమరిక మార్చిన ప్రతిసారీ బయటి అమరికను మళ్లీ పరీక్షించాలి.

9. నియంత్రణ వేరు, రక్షణ వేరు

ఇది ఈ వ్యాసంలో మీరు మరచిపోకూడని భాగం. సెట్‌పాయింట్‌కు పెట్టిన 180 డిగ్రీల హద్దు రక్షణ పరికరం కాదు. తొడుగు మీది థర్మోకపుల్ తెగిపోయిందనుకోండి. కంట్రోలర్ దానిని తక్కువ ఉష్ణోగ్రతగా చదివితే, తొడుగు చల్లగా ఉందని నమ్మి హీటర్‌ను పూర్తి పవర్‌తో నడుపుతుంది. హద్దు అక్కడే ఉంటుంది, కాని చూసే కన్ను లేదు. అందుకే సెన్సర్ తెగినప్పుడు రీడింగ్ గరిష్ఠానికి వెళ్లేలా కంట్రోలర్‌ను అమర్చాలి. అప్పుడు హీటర్ ఆగుతుంది. థర్మోకపుల్ తెగకుండా తొడుగు నుంచి ఊడి బయటికి వస్తే ఆ అమరిక కూడా కాపాడదు.

కాబట్టి రెండు లూపులతో సంబంధం లేని, సొంత సెన్సర్ ఉన్న, హీటర్ సరఫరాను నేరుగా తెంచే, చేతితో రీసెట్ చేస్తే తప్ప తిరిగి కలవని ఉష్ణ కటౌట్ ఒకటి తప్పనిసరి. కాస్కేడ్ రెండో సెన్సర్‌ను చేర్చింది. అంటే చెడిపోగల భాగం ఇంకొకటి చేరింది. పద్ధతి ఎంత తెలివైనదైనా ఈ లెక్క మారదు.

10. సారాంశం

కాస్కేడ్ నియంత్రణ మంచి పద్ధతి. లోపలి లూపులోకి వచ్చే అలజడిని అది తొలిదశలోనే పట్టుకుంటుంది. మన ఉదాహరణలో 190 వాట్ల లోటును సుమారు 45 వాట్లకు తగ్గించింది. తొడుగును హద్దులో ఉంచింది. కాని బయటి అలజడికి దాని సాయం స్వల్పం, కలుపుడు యంత్రం ఆగడం వంటి మార్పును అది కొత్త అలజడిగా మారుస్తుంది. వేగమైన స్విచ్చు, సమాకలన పోగును ఆపే ఏర్పాటు లేకపోతే దాని ప్రయోజనం కాగితం మీదే ఉంటుంది. మీ అలజడి ఏది, మీరు కాపాడదలచినది ఏది అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాసుకున్నాకే రెండో లూపు గీయండి.

మీ అభ్యసనాన్ని సరిచూసుకోండి

1. వోల్టేజీ 230 నుంచి 253కు పెరిగితే 1000 వాట్లు ఇస్తున్న హీటర్ ఎన్ని వాట్లు ఇస్తుంది? కంట్రోలర్ లేనప్పుడు తొడుగు నూనె కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువకు చేరుతుంది?
2. లోపలి కంట్రోలర్ చర్యను డిగ్రీకి 225 వాట్లకు పెంచితే, 180 డిగ్రీల సెట్‌పాయింట్ వద్ద తొడుగు ఎక్కడ నిలుస్తుంది? నూనె 120 డిగ్రీల వద్ద ఉందనుకోండి.
3. కలుపుడు యంత్రం ఆగినప్పుడు పవర్ మీద కట్టిన లోపలి లూపు, తొడుగు ఉష్ణోగ్రత మీద కట్టిన లోపలి లూపు ఎలా వేరుగా ప్రవర్తిస్తాయో వివరించండి.
4. మీరు పనిచేసే చోటో, మీకు తెలిసిన చోటో ఉన్న ఒక హీటర్‌ను తీసుకుని దానికి వచ్చే ముఖ్యమైన అలజడులు రాయండి. దానికి కాస్కేడ్ అవసరమా, కాదా కారణాలతో తేల్చండి.